తోప్ కా సాంచా, రెండో గల్లీ

బోర్డు రాసే నర్సింగు అడిగిండు:
"తుపాకి బొమ్మ వేయాల్నా సారూ?"
వద్దన్న. తాళంకప్ప వేయమన్న.
తాళాల షాపనుకుంటరని నవ్విండు.
అనుకోనీ.

ఒకప్పుడు ఈ జాగల ఫిరంగులు పోతపోసిండ్రట.
ఇప్పుడు ఎడమదిక్కు బ్లౌజులు కుట్టేటోళ్లు,
కుడిదిక్కు ఫోటో ఫ్రేములు.
నడుమ నేను.

ముప్పై ఒక్కేండ్లు అంబర్‌పేట ఆయుధాగారంల
ఇంకొకరి రైఫిళ్లకు ఒళ్లు తుడిచిన చేతులివి.
పేల్చినయంటే పరీక్షకు పేల్చినయే,
ఇసుకబస్తాల కడుపులకు.
పచ్చిపులుసు గూడ నూనె వాసనొస్తదని
బాలమణి నన్ను గిన్నె ముట్టనియ్యకపోయేది.
పింఛను పైసలొచ్చినంక
నీళ్ల ప్లాంటు పెట్టుకొమ్మన్నడు బామ్మర్ది.
నాకొచ్చిన పని ఒక్కటేనాయె.

లైసెన్సు మూడేండ్ల పది నెలలు నడిచింది,
ఠాణా నుంచి కమిషనరాఫీసుకు,
ఆడికెల్లి ఇంకో బల్ల మీదికి.
ఆ బల్ల మీద పేపర్‌వెయిట్ కింద
ఒక ఎండకాలమంత పండుకున్నది.
వచ్చి గోడ మందం కొలిచిండ్రు.
ఇనుప తలుపు తట్టి చూసిండ్రు, పుచ్చకాయను తట్టినట్టు.
రెండు తాళాలు, రెండు చెవులు,
ఒకటి నీ దగ్గర, రెండోది ఎవరి దగ్గర అన్నరు.
బాలమణి దగ్గర అన్న.
రాసుకున్నరు: భార్య, యాభై నాలుగు, నేరచరిత్ర లేదు.
ఆ కాయితం చూసి ఆమె రెండ్రోజులు మురిసింది.

షాపయితే అయింది. లోపల సరుకు లేదు.
అద్దాల బీరువాల నా మొఖమే కనవడ్డది.

కాన్పూరుకు రాసిన. ఒక ఫారం వచ్చింది.
నింపి పంపితే ఇంకో ఫారం వచ్చింది.
జమ్మూల ఒకాయన మర్యాదగనే మాట్లాడిండు,
ఇరవైకి తగ్గితే పెట్టె కట్టం,
పైసలు మొత్తం ముందుగాల్నే.
ముంగేరు దాక రైల్ల పోయిన.
జగదేవ్ శర్మ, గోళ్లు నల్లగ,
నా అరచెయ్యి తిప్పి బొటనేలి కాయ తడిమిండు.
"మిస్త్రీవా?" అన్నడు.
ధర తగ్గియ్యలే. చాయ్ మాత్రం రెండుసార్లు తెప్పిచ్చిండు.

చివరికి దారి రాణిగంజ్ల దొరికింది,
మూతవడుతున్న పాత దుకాణంల.
జహీరుద్దీన్ సాబ్ క్యాలెండర్ కాయితం చింపి
వెనక రాసిచ్చిండు:
ఎవరు మాట మీద నిలవడ్తరు,
ఎవరి తూటాల పెట్టెకు చెమ్మ తగుల్తది,
ఎవరు ఉద్దెరిస్తనని వానాకాలం దాక తిప్పుతరు.
అడుగున ఒక పేరు రాసి, కొట్టేసిండు.
ఎందుకన్న.
"కాయితాలు లేకున్నా పంపుతనంటడు వాడు.
నీకెందుకు? నాకే ఆ పేరు మర్చిపోవాలనుంది."

మొదటి పెట్టెల ఏడు. పన్నెండు బోరువి.
మేకులు ఊడదీస్తుంటే రంపంపొట్టు రాలింది.
నేను నంబర్లు చదివిన, బాలమణి రిజిస్టర్ల ఎక్కిచ్చింది.
ఏడంకెకు నడుమ గీత కొడ్తదామె,
తనిఖీకి వచ్చిన సారుకది నచ్చలే.

ఏడాదిల రెండు అమ్మిన.
ఒకటి బ్యాంకు గార్డుకు.
ఒకటి పరిగి దిక్కు మక్కచేనాయనకు.
"అన్నిట్ల గట్టిగ మోగేది ఇయ్యి" అన్నడు.
పందుల్ని చంపుతందుకా అంటే
"మోత చాలు సారూ.
మా అయ్య ఉన్నప్పుడు ఆయన దగ్గితేనే ఉరుకుతుండె."

గంతల ఎలచ్చన్లొచ్చినయి.
లైసెన్సున్నోళ్లంత అప్పజెప్పాలె.
ఠాణాల జాగ చాలలే, నా అర నిండింది.
వెండిపూల పిడిది ఒకటి, తుప్పువట్టిన జోడునాలి ఒకటి.
ఒక ముసలామె మొగని తుపాకి
నేత చీరల చుట్టి ఆటోల తెచ్చింది.
రసీదు రాసిస్తే పట్టుకొని అడిగింది,
"మల్ల తీస్కపోవుడు తప్పదా బిడ్డా?"

నలభై మూడు, మెడలకు చీటీలు గట్టి,
దవాఖానల నిన్న పుట్టిన పిల్లల తీరు.
రెండు చెవులు తిప్పినం, నాది, ఆమెది.
ఆ నెల దుకాణం కిరాయి దుకాణమే కట్టింది.
రాబడి కాలంల ఏం రాయాలని
చాలాసేపు పెన్ను కొరికి
బాలమణి "కావలి" అని రాసింది.

తెల్లారి షెట్టరు లేపంగనే ఒకాయన,
బోర్డు చూసుకుంట వచ్చిండు.
సైకిలు తాళమున్నదా అని.
లేదన్న. గల్లీ చివర దొరుకుతదని
బయటికొచ్చి చెయ్యి చాపి చూపిచ్చిన.